2.58 గిగాహెర్ట్జ్ ఓడింది, 1.4 గెలిచింది: సెలెరాన్ పేరుతో ఇంటెల్ ఆడిన ఆట

ముందే చెప్పేస్తున్నా. సెలెరాన్ 2955యు, సెలెరాన్ ఎన్2840, రెండూ తక్కువ ధర లాప్‌టాప్‌ల కోసం ఇంటెల్ చేసిన ప్రాసెసర్లు. ఈ రెండింట్లో పాతది ఏదో, కాగితం మీద స్పీడు తక్కువ ఉన్నది ఏదో, టర్బో (అవసరమైనప్పుడు స్పీడు పెంచుకోవడం) అన్నదే లేక 1.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేది ఏదో, ఆ 2955యూనే గెలుస్తుంది. అదేదో వెంట్రుకవాసి గెలుపు కూడా కాదు. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే వెబ్ పేజీ తెరిస్తే చాలు, స్టాప్‌వాచ్ అక్కర్లేకుండానే తేడా తెలిసిపోతుంది.

గొడవ ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో చిన్న లాప్‌టాప్ వెతికే ప్రతి ఒక్కరూ ఈ రెండు పేర్ల దగ్గరే ఆగిపోతున్నారు. ఒక వర్గం ఏమంటోంది? "ఎన్2840 ఏడాది కొత్తది, 2014లో వచ్చింది. బేస్ స్పీడే 2.16, బర్స్ట్‌లో, అంటే టర్బో లాంటిదే, 2.58 గిగాహెర్ట్జ్. పైగా 7.5 వాట్లే. 2955యు 2013ది, 15 వాట్లు. రెండూ సెలెరానే, రెండూ డ్యూయల్ కోరే, రెండూ 22 నానోమీటర్ల తయారీయే. ఇంకా డౌటెందుకు?" అని. వినడానికి ఎంత బాగుందో చూడండి! అందులో చెప్పిన ప్రతి అంకె నిజం. చివరికి తేల్చింది మాత్రం పచ్చి తప్పు.

ఎందుకంటే ఆ రెండూ ఒకే రకం చిప్పులు కావు ఫ్రెండ్స్. పేరు ఒకటే. లోపల అసలు పని చేసే భాగం కోర్, ఆ కోర్‌కీ కోర్‌కీ చుట్టరికం కూడా లేదు.

2955యు లోపల ఉన్నది హాస్వెల్ అనే కోర్ డిజైన్. అప్పట్లో కోర్ ఐ5, ఐ7 లాప్‌టాప్‌లలో వచ్చిన అదే హాస్వెల్ కోర్. హైపర్ థ్రెడింగ్ (ఒక కోర్ రెండు పనులు కలిపి నడపడం) తీసేశారు, టర్బో తీసేశారు, క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) కత్తిరించారు, అయినా కోర్ అదే. ఎన్2840 లోపల ఉన్నది సిల్వర్‌మాంట్. అంటే అటామ్, ఇంటెల్ తక్కువ కరెంటు చిన్న కోర్ల కుటుంబం! ట్యాబ్లెట్లలో అటామ్ జెడ్3740 అని వచ్చింది గుర్తుందా? అదే కోర్. ట్యాబ్లెట్‌లో పెడితే దాని పేరు అటామ్, లాప్‌టాప్‌లో పెడితే సెలెరాన్. కొంచెం పైమోడల్ అయితే ఏకంగా పెంటియం! ఎన్3540 పెంటియం పేరుతోనే అమ్ముడుపోయింది, అది కూడా సిల్వర్‌మాంటే.

ఇప్పుడు లోపలికి ఒక్కసారి తొంగిచూద్దాం. హాస్వెల్ ఒక్క క్లాక్‌లో, అంటే ఒక్క టిక్‌లో, నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు (ఆదేశాలు) డీకోడ్ చేయగలదు. సిల్వర్‌మాంట్ రెండు. హాస్వెల్ ఒకేసారి 192 మైక్రో ఆపరేషన్లు (ఆదేశాలను విడగొట్టిన చిన్న పనులు) చేతిలో పట్టుకుని, ఏది ముందు చేస్తే లాభమో చూసుకుని వరస మార్చుకుంటుంది. సిల్వర్‌మాంట్ చేతిలో పట్టేవి 32. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. మెమరీ నుంచి డేటా రావడం ఆలస్యమైందనుకోండి, హాస్వెల్ ఈలోగా వేరే పని చూసుకుంటుంది. సిల్వర్‌మాంట్‌కి ఆ 32 నిండిపోగానే చేసేదేం లేదు, డేటా వచ్చేదాకా ఎదురుచూపే. ఆ ఎదురుచూసే టైంలో కూడా క్లాక్ తిరుగుతూనే ఉంటుంది కదా, టాస్క్ మేనేజర్‌లో 2.58 అని దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. చెంబుతో గబగబా తోడేవాడికంటే బిందెతో నిదానంగా తోడేవాడే తొట్టి ముందు నింపుతాడు. గిగాహెర్ట్జ్ చెప్పేది ఎన్నిసార్లు తోడారనే. చేతిలో ఉన్నది చెంబా బిందా అన్నది ఆ అంకెలో ఉండదు.

క్యాష్ కూడా అంతే. 2955యులో 2 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది, దానికి తోడు ప్రతి కోర్‌కీ సొంతంగా, ఇంకా దగ్గరగా ఉండే 256 కేబీ ఎల్2 క్యాష్. ఎన్2840లో ఎల్3 అనేదే లేదు, రెండు కోర్లూ కలిసి పంచుకునే 1 ఎంబీ ఎల్2తో సరి. గ్రాఫిక్స్‌లో హాస్వెల్‌కి బొమ్మల పని చేసే ఎగ్జిక్యూషన్ యూనిట్లు 10, రెండోదానికి 4. ర్యామ్ 2955యుకి 16 జీబీ దాకా, ఎన్2840కి 8 దగ్గర గేటు పడిపోతుంది. డిస్క్‌ని కలిపే సాటా స్పీడు ఒకదానికి సెకనుకి 6 గిగాబిట్లు, ఇంకోదానికి 3. ఒక్క చోట కాదు, ఏ తలుపు తీసినా ఇదే కథ.

నంబర్లు కావాలంటారా? ఆక్టేన్ అని బ్రౌజర్ టెస్ట్ ఉండేది, గూగుల్‌దే, 2017లో ఆపేశారు. క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో వచ్చే లాప్‌టాప్) రివ్యూ అంటే ఆ టెస్ట్ లేకుండా ఉండేది కాదు. అందులో 2955యు ఉన్న మెషిన్లకు 11 వేల చుట్టుపక్కల స్కోర్ వచ్చేది. ఎన్2840 ఉన్నవాటికి 8 వేల దగ్గర. ఇప్పుడు లెక్క వేయండి. 1.4 గిగాహెర్ట్జ్‌తో 11 వేలు, 2.58తో 8 వేలు. ఒక్కో గిగాహెర్ట్జ్‌కి ఎంత పని జరిగిందో చూస్తే హాస్వెల్ రెండింతలకు పైనే ఉంది. రెండింతలకు పైన! ఇలాంటి రెండు చిప్పులకు ఒకే పేరు పెట్టి, ఒకే స్టిక్కర్ అంటించి అమ్మారంటే ఒళ్లు మండదా?

ఆ స్టిక్కర్ సంగతి చెప్పాల్సిందే. లాప్‌టాప్ మీద చెయ్యి ఆనించే చోట ఉంటుంది, చిన్న నీలం స్టిక్కర్. దాని మీద ఇంటెల్ సెలెరాన్ అని ఉంటుంది. అంతే. నంబర్ ఉండదు, కోర్ పేరు ఉండదు, తరం ఉండదు. షాపులో నిలబడి పది నిమిషాలు చూసినా లోపల అటామ్ ఉందో హాస్వెల్ ఉందో తెలిసే దారి లేదు. తెలియకూడదనే కదా!

ఇక్కడే నా థియరీ. మీకు నచ్చినా నచ్చకపోయినా నేను గట్టిగా నమ్మేది ఇదే. అటామ్ అన్న పేరు నెట్‌బుక్‌ల (చిన్న చవక లాప్‌టాప్‌ల) కాలంలోనే చచ్చిపోయింది. 2008లో అటామ్ ఎన్270 వచ్చింది, 1.6 గిగాహెర్ట్జ్, ఇన్‌స్ట్రక్షన్లను వచ్చిన వరసలోనే చేసుకుంటూ పోయే కోర్. ఆ నెట్‌బుక్‌లు వాడినవాళ్లు ఎవరూ ఆ పేరు మళ్లీ నమ్మలేదు. అటామ్ అంటే స్లో, అంతే, జనం మనసులో ముద్ర పడిపోయింది. 2013లో సిల్వర్‌మాంట్ తయారైంది. అది పాత అటామ్‌కంటే చాలా మెరుగు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా, ఆ ఇంజినీర్లు గొప్ప పని చేశారు. కానీ లాప్‌టాప్ మీద అటామ్ అని రాస్తే కొనేవాడెవడు? అందుకని ఆ మచ్చ పడ్డ పేరు తీసి పక్కన పెట్టి, జనానికి బాగా అలవాటైన సెలెరాన్, పెంటియం పేర్లు తొడిగారు. చిప్ బాగుపడింది కాబట్టి పేరు మార్చారని మీరనుకుంటే అనుకోండి. పేరు మారిస్తేనే అమ్ముడుపోతుంది కాబట్టి మార్చారని నేనంటాను.

సెలెరాన్ పేరుకి ఒకప్పుడు ఎంత గౌరవం ఉండేదో తెలుసా? 1998లో సెలెరాన్ 300ఏ వచ్చింది. 128 కేబీ ఎల్2 క్యాష్, కోర్ ఎంత స్పీడులో తిరిగితే క్యాష్ కూడా అంతే స్పీడు. మదర్‌బోర్డు బస్ (చిప్‌కీ మిగతా భాగాలకీ మధ్య దారి) స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చితే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450లో పరిగెత్తేది. తక్కువ ధర చిప్‌తో పెద్ద పెంటియంలకు చెమటలు పట్టించారు అప్పటి కుర్రాళ్లు. ఆ పేరు అది! దాన్ని తీసుకొచ్చి ట్యాబ్లెట్ కోర్‌కి తగిలించారు.

సరే, వాట్ల దగ్గరికి వద్దాం. 7.5 వర్సెస్ 15 అనగానే బ్యాటరీ రెండింతలు వస్తుందని లెక్కలేసేవాళ్లు ఉన్నారు. రాదు. ఈ వాట్ల పేరు టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్), అంటే గట్టిగా పని చేస్తున్నప్పుడు ఎంత వేడిని బయటికి పంపాలో చెప్పే అంకె. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అది చెప్పదు. రోజులో ఎక్కువసేపు ప్రాసెసర్ చేసే పని ఏమీ చేయకుండా కూర్చోవడమే, మీరు చదువుతున్నప్పుడు దానికి పనేముంది? హాస్వెల్ పేరు తెచ్చుకున్నదే ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా చేయడంలో. 2955యుతో వచ్చిన ఏసర్ సీ720 క్రోమ్‌బుక్‌కి కంపెనీ చెప్పుకున్న బ్యాటరీ ఎనిమిదిన్నర గంటల దాకా. ఏం తక్కువైంది? ఎన్2840కి ఉన్న అసలు లాభం ఒక్కటే, ఫ్యాన్ లేకుండా నడుస్తుంది. చప్పుడు ఉండదు, దుమ్ము పట్టదు. ఫ్యాన్ చప్పుడు అసలు పడనివాళ్లకు అది పెద్ద విషయమే. అక్కడ దానికి పూర్తి మార్కులు.

ఇంకో సాక్ష్యం చెబుతా, దీనికి ఎదురుచెప్పడం కష్టం. తోషిబా 2014 మొదట్లో తెచ్చిన క్రోమ్‌బుక్‌లో 2955యు పెట్టింది. అదే ఏడాది క్రోమ్‌బుక్ 2 తెచ్చి ఎన్2840 పెట్టింది. అద్భుతమైన ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్, ఫ్యాన్ లేదు. చూసినవాళ్లంతా స్క్రీన్‌ని మెచ్చుకున్నారు, ప్రాసెసర్ దగ్గరే పెదవి విరిచారు. మరి 2015లో అదే క్రోమ్‌బుక్ 2కి కొత్త మోడల్ వచ్చినప్పుడు ఏం చేశారు? సెలెరాన్ 3215యు పెట్టారు. 1.7 గిగాహెర్ట్జ్, 15 వాట్లు, పెద్ద కోర్ల కుటుంబం. ఫ్యాన్ తిరిగొచ్చినా ఫరవాలేదనుకున్నారు. అంకెల్లో కిందికి దిగారు, పనిలో పైకెక్కారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

లైనక్స్ వేసుకుంటాం అనేవాళ్లు జాగ్రత్తగా వినండి. బే ట్రెయిల్, అంటే ఈ ఎన్2840 కుటుంబం, లైనక్స్‌లో ఏళ్ల తరబడి ఏడిపించింది. స్క్రీన్ మీద బొమ్మ అలాగే ఉంటుంది, మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప దారి లేదు. ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్లే స్టేట్‌ల దగ్గర వచ్చిన తంటా అది. జనం కనిపెట్టిన మందు ఏంటంటే, బూట్ లైన్‌లో మ్యాక్స్ సీ-స్టేట్ విలువ 1 అని రాయడం. ఫ్రీజ్ ఆగేది. కానీ ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వకపోతే బ్యాటరీ ఏమవుతుంది? ఏ 7.5 వాట్లను చూసి కొన్నారో ఆ లాభం కాస్తా అక్కడే ఆవిరి. తర్వాతి కెర్నెల్‌లలో పరిస్థితి చాలా మెరుగుపడింది, అయినా నాకు ఆ కోపం పోలేదు.

సీ720లో లైనక్స్ వేయాలన్నా కొంచెం శ్రమ ఉంది. ఫర్మ్‌వేర్ (మెషిన్‌ని మొదట లేపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాలంటే వెనక మూత తీసి మదర్‌బోర్డు మీద రైట్ ప్రొటెక్ట్ స్క్రూ ఒకటి విప్పాలి. ర్యామ్ టంకం వేసేసి ఉంటుంది, పెంచలేరు. కానీ ఎస్ఎస్‌డీ మాత్రం 42 మిల్లీమీటర్ల ఎం.2, విప్పి పెద్దది పెట్టుకోవచ్చు. ఎన్2840 మెషిన్లు చాలావాటిలో స్టోరేజ్ ఈఎంఎంసీ, బోర్డుకే అతికించి ఉంటుంది, దానితోనే సర్దుకోవాలి. విండోస్ 11 లిస్టులో రెండూ లేవు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి ఈ రెండింటికీ ఇప్పుడు లైనక్సే గతి.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? 2023లో సెలెరాన్, పెంటియం పేర్లను లాప్‌టాప్‌ల నుంచి తీసేశారు. అదే ఏడాది కోర్ ఐ3-ఎన్305 వచ్చింది. ఎనిమిది కోర్లు, ఎనిమిదీ చిన్న కోర్లే, పెద్ద కోర్ ఒక్కటీ లేదు. పేరు మాత్రం ఐ3! చిప్ మంచిదే, లోపలి గ్రేస్‌మాంట్ (అటామ్ వంశంలో కొత్తది) కోర్ చాలా గట్టిది, దాన్ని తప్పుపట్టను. కానీ ఆట అదే ఆట. ముందు అటామ్‌కి సెలెరాన్ చొక్కా, ఇప్పుడు ఐ3 చొక్కా.

ఇప్పటికే ఎన్2840 ఉన్నవాళ్లు దాన్ని పారేయకండి. తేలికైన డెస్క్‌టాప్ వేయండి, ట్యాబ్‌లు తక్కువ తెరవండి. యూట్యూబ్ తడబడుతుంటే హెచ్264ఇఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టండి. యూట్యూబ్ వీడియోని వీపీ9 అనే ఫార్మాట్‌లో పంపితే ఆ చిప్‌లో దానికి హార్డ్‌వేర్ డీకోడర్ లేదు, భారమంతా కోర్‌ల మీద పడుతుంది. హెచ్.264 ఫార్మాట్‌కి ఉంది. ఈ ఒక్క మార్పుతో వీడియో సాఫీగా నడవడం మీరే చూస్తారు.

కొనబోయేవాళ్లు మాత్రం అమ్మేవాళ్లు పంపిన స్టిక్కర్ ఫొటో చూసి డబ్బులివ్వకండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ పేరు కనిపించేలా ఫొటో పంపమనండి. ఆ కాలపు సెలెరాన్ అయితే, నంబర్‌కి ముందు ఎన్ ఉంటే అది అటామ్ కుటుంబం. నంబర్ చివర యు ఉంటే పెద్ద కోర్. పక్కన ఎన్ని గిగాహెర్ట్జ్ రాసి ఉందో అసలు చూడకండి, యు ఉన్నదే తీసుకోండి.