పాలపళ్ళ గుర్రం

శ్రోతలకు నమస్కారం.

గుర్రపు డెక్క అంటే ఏమిటని మా మనవణ్ణి అడిగితే, భద్రకాళి చెరువు నిండా అల్లుకునే పిచ్చి మొక్క అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. ఈ తరం వరంగల్ పిల్లలు గుర్రం డెక్క కన్నా ఆ మొక్కనే ఎక్కువసార్లు చూశారు. జట్కాలు పోయాక మన ఊళ్ళో గుర్రం కనిపించేది పెళ్ళి బరాత్‌లోనే. ఈ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళు పశువైద్యుడిగా పనిచేశాను. గేదెలు, గొర్రెలతోనే ఉద్యోగమంతా గడిచింది గాని, ఎప్పుడో ఒకసారి గుర్రం వచ్చిందంటే ఆ రోజు నాకు పండుగ. ఈ పూట గుర్రపు పిల్ల పెంపకం గురించి నాలుగు మాటలు చెబుతాను.

గుర్రం ఓరుగల్లుకు కొత్తది కాదు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర పట్టుకుపోయిన వాటిలో ఏనుగులతో పాటు వేల గుర్రాలున్నాయి. అంతకుముందు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన 1244-45 నాటి అభయశాసనంలోనూ గుర్రం మాట ఉంది. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలను పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాము అలా చేయబోమని వ్యాపారులకు ఇచ్చిన మాట అది. మంచి గుర్రమంటే సముద్రం దాటి రావలసిందే అన్నమాట.

మనవాళ్ళు ఇక్కడే ఎందుకు పెంచుకోలేదు? 13వ శతాబ్దం చివర దక్షిణాదిని చూసిన మార్కో పోలో పాండ్య దేశం గురించి ఒక విచిత్రం రాశాడు. అక్కడివాళ్ళు గుర్రాలకు అన్నం, మాంసం కలిపి వండి పెట్టేవారట. రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను కొంటే, ఏడాది తిరిగేసరికి వందైనా మిగిలేవి కావట. మేలుజాతి మగగుర్రానికి, మేలుజాతి ఆడగుర్రానికి పుట్టిన పిల్ల కూడా కాళ్ళు వంకరపోయి ఎక్కడానికి పనికొచ్చేది కాదట. లాడాలు కొట్టేవాళ్ళను అటువైపు పోనివ్వకుండా గుర్రాల వ్యాపారులే అడ్డుపడేవారని కూడా రాశాడు. వ్యాపారం అప్పుడూ ఇప్పుడూ ఒక్కలాగే ఉంది.

ఆ వంకర కాళ్ళ మాట చదివినప్పుడల్లా నాకు మన తవుడు బస్తాలు గుర్తొస్తాయి. వరి పండే ఊళ్ళో గేదెకు తవుడు, కోడికి తవుడు, గుర్రం వస్తే దానికీ తవుడే. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం, అంటే కాల్షియం, తక్కువ. రోజూ అదే పెడితే ఆ తేడాను సరిచేసుకోవడానికి ఒళ్ళు తన ఎముకల్లోని సున్నాన్నే లాక్కుంటుంది. ఎముక గుల్లబారుతుంది, దవడలు ఉబ్బుతాయి, నడకలో కుంటు కనిపిస్తుంది. ఎదిగే పిల్లకైతే ఇది మరీ చేటు. గడ్డే గుర్రానికి అసలు తిండి. ఉలవలైనా మితంగానే పెట్టాలి. పిల్ల త్వరగా బలియాలని దాణా దట్టిస్తే ఒంటి బరువు ముందు పరుగెత్తుతుంది, కాళ్ళు వెనకబడతాయి.

కరీమాబాద్ వైపు బరాత్ గుర్రాలు నడిపే ఒకాయన కొన్న ఆడగుర్రం చూడిదని తెలిసేసరికి పొట్ట దిగిపోయింది. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది, ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. నాకు ఫోను వచ్చింది అర్ధరాత్రి దాటాకే. వెళ్ళేసరికి పిల్ల పొడుగు కాళ్ళను ఎటు పెట్టాలో తెలియక నాలుగుసార్లు పడి ఐదోసారి నిలబడింది. మాకు ఒకటి, రెండు, మూడు అని ఒక లెక్క ఉంది. గంటలో పిల్ల నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మావి పడిపోవాలి. ఏది ఆలస్యమైనా డాక్టరును పిలవాలి. ఆ ఇంటి పెద్దమ్మ మొదటి పాలు పిండి పారబోద్దామంది. "వద్దమ్మా, ఆ ముర్రుపాలే దీనికి మందు" అన్నాను. గుర్రం పిల్లకు కడుపులో ఉండగా తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందదు. వచ్చేదంతా ముర్రుపాలలోనే రావాలి. పిల్ల పేగు దాన్ని పీల్చుకునేది మొదటి రోజే. బొడ్డుకు అయొడిన్ పెట్టించాను. ధనుర్వాతానికి గుర్రం ఇట్టే లొంగిపోతుంది.

ఆరో నెలలో తల్లిపాలు మాన్పించారు. అసలు పని అక్కడ మొదలైంది. ఆయన కొడుకు ముఖతాడు కట్టి పిల్లను ముందుకు లాగుతున్నాడు, అది వెనక్కి లాగుతోంది. ఇద్దరి కాళ్ళకిందా మట్టి లేచింది. "బాబూ, బలంలో నువ్వు గెలవలేవు, అది ఇంకా పెరుగుతుంది" అని తాడు తీసుకున్నాను. కొంచెం బిగించి అలాగే పట్టుకున్నాను. అది తల విదిల్చింది, పక్కకు తిరిగింది. చివరికి విసుగుపుట్టి ఒక్క అడుగు నా వైపు వేసింది. ఆ క్షణంలోనే తాడు వదులు చేశాను. మళ్ళీ బిగించాను, మళ్ళీ అడుగు, మళ్ళీ వదులు. అడుగు పడ్డాక కూడా బిగించే ఉంచితే, అడుగు వేసి లాభం లేదని నేర్చుకుంటుంది. పది నిమిషాల్లో వదిలేయమన్నాను. చిన్నపిల్ల మనసు అంతకంటే నిలవదు. డెక్క ఎత్తడం కూడా ఇంతే. భుజం మీద చెయ్యి పెట్టి, మెల్లగా మోకాలు దాకా దించి, కాలు ఎత్తగానే రెండు క్షణాలు పట్టుకుని దించాలి. అది విదిలించుకుంటున్నప్పుడు వదిలామా, రేపు లాడం కొట్టేవాడి పని అయినట్టే.

అధికారి ముందు, గాడిద వెనుక నిలవకూడదంటారు. గుర్రానికి కూడా తన వెనుక నేరుగా ఉన్నది కనబడదు, నుదుటి ముందు కాస్త మేర కూడా అంతే. పక్క నుంచి, మాట్లాడుతూ రావాలి. ఆ కుర్రవాడు దాంతో కుక్కపిల్లతో ఆడినట్టు ఆడేవాడు. భుజం కొరికితే నవ్వేవాడు. చిన్న పిల్ల కొరికితే ముద్దుగానే ఉంటుంది, పెద్ద గుర్రమయ్యాక చూడాలి. పెద్ద గుర్రం పక్కన కట్టమన్నాను. మర్యాద అది నేర్పినట్టు మనం నేర్పలేం. డప్పు, బ్యాండు కూడా ముందు వీధి చివర నుంచి వినిపించి, రోజుకు కొంత దగ్గరకు తెమ్మన్నాను.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే, అంతకు రెండేళ్ళ ముందు ఒక పెళ్ళిలో చూశాను. తెల్లగుర్రం, దాని మీద పెళ్ళికొడుకు, ముందు తోడుపెళ్ళికొడుకు. టపాసుల సరం పేలగానే అది వెనక కాళ్ళ మీద లేచింది. దేవుడి దయవల్ల మనుషులకు దెబ్బలు తగల్లేదు. గుర్రం ముందు మోకాలు వాచింది. నాలుగేళ్ళదని చెప్పి అమ్మారట. పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్ళన్నీ చిన్నవి, తెల్లనివి, చిగురు దగ్గర సన్నబడినవి. ఒక్కటీ ఊడలేదు. దానికి రెండేళ్ళు కూడా నిండి ఉండవు. రెండున్నరేళ్ళకు నడిమి జత ఊడి పెద్ద పళ్ళు వస్తాయి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు మూలవి. మోకాలి ఎముక గట్టిపడటానికే రెండేళ్ళు దాటాలి. వెన్ను పూర్తిగా కుదురుకోవడానికి ఐదేళ్ళు పైన పడుతుంది. అలాంటి వెన్ను మీద ఇద్దరిని ఎక్కించారు.

కరీమాబాద్ ఆయనకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన ఖర్చు లెక్క వేసుకుని, "మూడేళ్ళు ఊరికే మేపాలా సారూ?" అన్నాడు. మూడో ఏడు దాటాక తేలికపాటి జీను అలవాటు చేయవచ్చని, బరాత్ మాత్రం మూల పళ్ళు వచ్చాకే అని చెప్పాను. ముఖం చిట్లించాడు.

మొన్న మాఘమాసంలో అటువైపు వెళ్ళాను. పిల్ల ఇప్పుడు నా భుజం దాటింది. ఫోనులో ఎవరో తెల్లగుర్రం కావాలని అడుగుతున్నారు. ఆయన ఫోను భుజానికి నొక్కిపెట్టి, దాని పెదవి ఎత్తి, బొటనవేలితో మూల పన్ను తడిమి చూశాడు. "లేదండీ, అది ఇంకా పాలపళ్ళతోనే ఉంది. ముసలిది ఉంది, పంపమంటారా?" అన్నాడు.