జవాబు రాకపోయినా ఇల్లు ఆగకూడదు

అందరికీ నమస్కారం. స్విచ్ నొక్కారు, లైటు నాలుగు సెకన్లు ఆలస్యంగా వెలిగింది. బల్బు బాగానే ఉంది, వైఫై బాగానే ఉంది. ఎక్కడో ఒక ప్లగిన్, అంటే ఇంటి సాఫ్ట్‌వేర్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రామ్, సర్వర్ జవాబు కోసం కూర్చుంది. దాంతోపాటు ఇల్లంతా కూర్చుంది.

ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌నే తీసుకోండి. పైథాన్‌లో రాసిన ఆ సాఫ్ట్‌వేర్ పని చాలావరకు ఒకే ఈవెంట్ లూప్ మీద, అంటే పనులను ఒకదాని తర్వాత ఒకటి చేసే ఒకే వరుస మీద, నడుస్తుంది. అందులో సర్వర్‌ని మామూలు రిక్వెస్ట్స్ లైబ్రరీతో కాల్ చేస్తే జవాబు వచ్చేదాకా లూప్ కదలదు. చిన్న కాల్ అయితే ఎవరూ గమనించరు. కానీ లాంగ్ పోలింగ్‌లో సర్వర్ కావాలనే జవాబు ఆపి ఉంచుతుంది, కొత్త సంగతి ఉంటేనే పలుకుతుంది. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జి ఈవెంట్ స్ట్రీమ్‌లో అయితే ఒకసారి తెరిచిన కనెక్షన్‌లోనే కబుర్లు వస్తూ ఉంటాయి.

మందు మీకు తెలిసిందే: 2015లో పైథాన్ 3.5తో వచ్చిన ఎసింక్, అవెయిట్ అనే కీలకపదాలు. రిక్వెస్టును విడి టాస్కులో పెడితే, అది ఎదురుచూస్తున్నంతసేపూ లూప్ మిగతా పనులు చూసుకుంటుంది. పాత లైబ్రరీయే గతి అయితే దాన్ని లూప్‌కి పక్కన విడిగా నడిచే ఎగ్జిక్యూటర్ థ్రెడ్‌కి అప్పగించండి. ఇంతవరకూ సులువే.

అసలు తలనొప్పి టైమవుట్‌తో, అంటే ఎంతసేపు ఎదురుచూడాలన్న గడువుతో. ఎసింక్‌తో రిక్వెస్టులు పంపే ఎఐఓహెచ్‌టీటీపీ లైబ్రరీ క్లయింట్‌లో మొత్తం రిక్వెస్టుకు డిఫాల్ట్ గడువు 300 సెకన్లు. స్ట్రీమ్ బ్రహ్మాండంగా నడుస్తున్నా సరే, ఐదు నిమిషాలకు తెగుతుంది. లాగ్ చూసి చాలామంది పాపం రౌటర్‌ని తిడతారు. పోనీ అని టైమవుట్లన్నీ తీసేస్తే ఇంకో గొడవ. అవతలి డివైస్ కరెంటు పోయి ఆగిపోతే, ఇవతలి సాకెట్‌కి, అంటే కనెక్షన్‌లో మన వైపు కొసకి, ఆ సంగతే తెలియదు. ఒక్క ఎర్రర్ కూడా లేకుండా ప్లగిన్ రోజుల తరబడి ఎదురుచూస్తూనే ఉంటుంది. నన్నడిగితే ఎర్రర్ కంటే ఇదే ప్రమాదం. అందుకే మొత్తం గడువు తీసేయండి, రీడ్ గడువు, అంటే తర్వాతి కబురు కోసం ఎంతసేపు ఆగాలన్నది, మాత్రం ఉంచండి. సర్వర్ 30 సెకన్లకోసారి 'బతికే ఉన్నా' అనే హార్ట్‌బీట్ పంపుతోందనుకోండి, 90 సెకన్లు ఏమీ రాకపోతే కనెక్షన్ పోయినట్టే లెక్క.

మళ్లీ కనెక్ట్ అయ్యేటప్పుడు సర్వర్ మీద పడిపోకుండా విరామం పెంచుకుంటూ పోండి. కనెక్ట్ అయ్యాక పూర్తి స్టేటస్ ఒకసారి అడగండి. తెగి ఉన్నప్పుడు తలుపు తెరుచుకుంటే, ఆ ఈవెంట్ మళ్లీ వస్తుందని నమ్మకం లేదు.

ప్లగిన్ ఆపేటప్పుడు టాస్కును క్యాన్సల్ చేసి, అది నిజంగా ముగిసేదాకా ఆగండి. పైథాన్ 3.8 నుంచి, టాస్కును ఆపినప్పుడు వచ్చే క్యాన్సల్డ్ ఎర్రర్‌ను 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' పట్టుకోదు. వట్టి 'ఎక్సెప్ట్' మాత్రం మింగేస్తుంది. అప్పుడు రీలోడ్ చేసినా పాత టాస్కు బతికే ఉంటుంది. ఒకే ఈవెంట్‌కి నోటిఫికేషన్ రెండేసిసార్లు వస్తుంటే ముందు అక్కడ వెతకండి.