ఎస్మా పెడితే బదులేమిస్తారు?

అందరికీ నమస్కారం.

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల మీద ఎస్మా, అంటే అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. వాళ్లు అంతకుముందు డిసెంబర్ 12 నుంచి సమ్మెలో ఉన్నారు. ఆరు నెలలు సమ్మె నిషేధమని జీవో. అంగన్‌వాడీ టీచరుకు అప్పట్లో నెలకు ఇచ్చేది 11,500 రూపాయలు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022లోనే తీర్పు చెప్పింది. అయినా దాని కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఇవ్వాల్సి వచ్చినప్పుడు ‘మీది సేవ, ఉద్యోగం కాదు’. మానేస్తే మాత్రం అత్యవసర సర్వీసు! ఇదెక్కడి లెక్కండీ?

సెంటర్ మూతపడితే గర్భిణులకు గుడ్డు, పాలు ఆగిపోతాయి. ఆ నష్టం నిజమే, నేను కాదనను. కానీ అంత ముఖ్యమైన పని చేసేవాళ్లతో అన్నాళ్లు తేల్చకుండా ఎందుకున్నట్టు? సమ్మె 42 రోజులు నడిచింది. ఎస్మా పెట్టాక కూడా ఆగలేదు. చివరికి చర్చలతోనే ముగిసింది.

అత్యవసరం అంటే ఏది? అంతర్జాతీయ కార్మిక సంస్థ కొలమానం సూటిగా ఉంటుంది: ఆగిపోతే జనం ప్రాణానికో, భద్రతకో, ఆరోగ్యానికో ముప్పు వచ్చే పని. ఆసుపత్రులు, కరెంటు, మంచినీళ్లు, ఫైర్ సర్వీసు ఆ కోవలోకి వస్తాయి. మన జూనియర్ డాక్టర్లు స్టైపెండ్ కోసం సమ్మె చేసినప్పుడు చాలాసార్లు ఓపీ బహిష్కరించి, ఎమర్జెన్సీ డ్యూటీలు వదల్లేదు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. క్యాజువాలిటీ కూడా మూసేస్తామంటే మాత్రం నా మద్దతు ఉండదు.

బస్సుల సంగతి వేరు. 2019 అక్టోబర్ 5న, సరిగ్గా దసరా ముందు, తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైంది. జనం నానా అవస్థలు పడ్డారు. డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టేనని ప్రభుత్వం అంది. సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జీలు ముగ్గురితో కమిటీ వేద్దామని హైకోర్టు ప్రతిపాదిస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 52 రోజుల తర్వాత కార్మికులే వెనక్కి తగ్గారు. అప్పుడు కుదరదన్న డిమాండ్, అంటే సిబ్బందిని ప్రభుత్వంలో కలుపుకోవడం, దానికోసం 2023లో అదే ప్రభుత్వం అసెంబ్లీలో బిల్లు పెట్టి పాస్ చేసింది. మరి ఆ కమిటీకి ఒప్పుకుని ఉంటే ఏం పోయేది?

ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు కేసులో అంది. సరే, హక్కు తీసేశారు. దాని స్థానంలో ఏం పెట్టారు? నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఎస్మా జీవో ఇచ్చిన రోజే, రెండు వైపులా నమ్మే మధ్యవర్తిని కూడా నియమించాలి. ఆయనకు గడువు పెట్టాలి. ఆయన తీర్పు యూనియన్‌తో పాటు ఆర్థిక శాఖను కూడా కట్టిపడేయాలి. అది చేయలేని ప్రభుత్వానికి సమ్మెను నిషేధించే అధికారం ఉండకూడదు.