మోకరించలేని మోకాళ్లు

యాంకర్: కనిగిరి దగ్గరి నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు. చెప్పండమ్మా, అయ్యగారు వింటున్నారు.

శ్రోత: వందనాలు అయ్యగారూ. ఇరవై ఏళ్లు మా సంఘంలో స్త్రీల సమాజం నడిపాను. ఇప్పుడు మోకాళ్లు వంగవు, నడుము తిరగదు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అన్నారు డాక్టరు. ఉపవాసాలు చేశాను, స్వస్థత కూటాలకు వెళ్లాను. చివరికి నా విశ్వాసంలోనే లోపం ఉందన్నారు.

పాస్టర్: ముందు నీళ్ల సంగతి చెప్పండి. బోరు నీళ్లు మానేశారా?

శ్రోత: కాచి తాగుతున్నామండీ.

పాస్టర్: కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదమ్మా. వంటకు కూడా శుద్ధి చేసిన నీళ్లే వాడండి, మందులు ఆపకండి. ఇక ఆ మాట అన్నవాళ్లు బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పన్నెండో అధ్యాయం ఒకసారి చదవాలి. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. అది రోగమో, మనుషులు పెట్టిన బాధో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. తేలకపోవడమే మేలు, ఎవరి ముల్లు వారు అక్కడ పెట్టి చదువుకుంటారు. ముల్లు మాత్రం పోలేదు. 'నా కృప నీకు చాలును' అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదంటామా?

శ్రోత: అనలేమండీ. కానీ ఆయన ఊరూరా తిరిగాడు. నన్ను కోడలు లేపితే గానీ మంచం దిగలేను. సిగ్గుగా ఉంటుంది.

పాస్టర్: మోకాళ్ల కంటే ఆ సిగ్గే మిమ్మల్ని ఎక్కువ సలుపుతున్నట్టుంది. ఇన్నేళ్లూ అందరికీ చేయి అందించారు, ఇప్పుడు పుచ్చుకోవడం చేతకావడం లేదు. నాకూ చేతకాదు లెండి, మా ఇంట్లో అడిగితే చెబుతారు. ఒంగోలు ప్రార్థన కొండ చూశారు కదా?

శ్రోత: చిన్నప్పుడు ఎక్కానండీ.

పాస్టర్: 1853లో అమెరికా బాప్టిస్టులు నడిపే నెల్లూరు మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చించారు. చూపడానికి పెద్ద సంఘమే లేదు మరి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండమీద ప్రార్థించింది అయిదుగురే, ఆ మిషను నడిపిన జూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగువాళ్లూ. ఒంగోలుకు మిషనరీగా క్లౌ దొర వచ్చి స్థిరపడింది 1866లో. నడుమ ఆ పన్నెండేళ్లలో వాళ్ల దగ్గర ఉన్న బలం ఏపాటిదంటారు? మీ స్త్రీల సమాజాన్ని మీ మంచం దగ్గరికే పిలవండి.

శ్రోత: మా ఇంట్లో కుర్చీలు మూడే అయ్యగారూ.

పాస్టర్: చాపలు లేవా?

శ్రోత: (నవ్వు) ఉన్నాయండీ. పరవడానికే కోడలిని అడగాలి.

పాస్టర్: అడగండి మరి. ఫోను పెట్టేశాక అడుగుతారా, ఇప్పుడే పిలుస్తారా?

శ్రోత: ఇక్కడే నిలబడి వింటోందండీ.