కొరింత్: రెండు రైలు మార్గాలు కోసుకున్న చోటు

అందరికీ నమస్కారం.

అమెరికాలో మిసిసిపి రాష్ట్రపు ఈశాన్య మూలన కొరింత్ అనే చిన్న ఊరుంది. అది అక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు నదిని చూడాలి. టెన్నెస్సీ నది ఉత్తర అలబామా మీదుగా పడమరకు పారి, ఈ మూలకొచ్చి ఉత్తరానికి మళ్లుతుంది. దక్షిణ తీరాన ఉన్న మొబైల్ అనే రేవు నుంచి ఒహాయో నది వైపు వెళ్లే రైలు లైను ఆ వంపుకు పడమటగా సాగాలి. మెంఫిస్ నుంచి తూర్పుకు, చార్ల్‌స్టన్ వైపు వెళ్లేది వంపుకు దక్షిణంగా సాగాలి. అలా వేసిన రెండు లైన్లూ ఇక్కడ ఒకదాన్నొకటి కోశాయి.

1850లలో ఊరు వెలిసినప్పుడు దాని పేరు క్రాస్ సిటీ. తర్వాత ఒక పత్రికా సంపాదకుడి సూచనతో గ్రీసులోని కూడలి నగరం పేరు పెట్టారు. మన బైబిల్లో కొరింథు అని చదివేది ఆ నగరం పేరే. 1861 నాటికి ఇక్కడి జనాభా సుమారు 1,200.

అంత చిన్న ఊరి కోసం అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో, ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడ్డాయి. ఏప్రిల్‌లో 22 మైళ్ల దూరాన జరిగిన షైలో యుద్ధానికి మూలం ఈ కూడలే. ఆ తర్వాత ఉత్తరాది జనరల్ హాలెక్ లక్షకు పైగా సైన్యంతో, అడుగడుగునా కందకాలు తవ్వుకుంటూ నెల రోజులకు ఊరి అంచుకు చేరాడు. లోపల దక్షిణాది జనరల్ బోరెగార్డ్ సైన్యాన్ని శత్రువు కంటే ముందు నీళ్లే దెబ్బతీశాయి. ఊరు పుట్టింది పట్టాల కోసం, నీటి వసతి చూసి కాదు. వెయ్యి మందికి సరిపోయే బావుల మీద వేలాది సైనికులు పడితే నీళ్లు చెడిపోయాయి, టైఫాయిడ్, విరేచనాలు ప్రబలాయి. మే 29 రాత్రి బోరెగార్డ్ సైన్యాన్ని తప్పించాడు. ఖాళీ బండి వచ్చినప్పుడల్లా కొత్త బలగం దిగినట్టు సైనికుల చేత జయజయధ్వానాలు చేయించాడు. తెల్లారేసరికి ఊరు ఖాళీ. అక్టోబర్ 3, 4 తేదీల్లో దక్షిణాది సైన్యం దాన్ని తిరిగి పట్టుకోబోయి ఓడింది.

నా దృష్టిలో ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఆ తర్వాతిది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చినవారు 1862 చివర్లో ఇక్కడ శిబిరం కట్టుకున్నారు. ఒక దశలో అక్కడ 6,000 మంది దాకా ఉన్నారు. బడి, చర్చి, ఆసుపత్రి, పొలాలు ఏర్పడ్డాయి. వెయ్యి మందికి పైగా చదవడం నేర్చారు. దాదాపు 2,000 మంది పురుషులు ఉత్తరాది సైన్యంలో చేరారు. 1863 డిసెంబర్‌లో వారిని మెంఫిస్‌కు తరలించారు. ఆ స్థలాన్ని ఇప్పుడు కంచు విగ్రహాలతో కాపాడుతున్నారు.

ఇక పట్టాల సంగతి. దక్షిణాది గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 5 అడుగులు. 1886 మే 31, జూన్ 1 తేదీల్లో సుమారు 11,500 మైళ్ల మార్గాన్ని 4 అడుగుల 9 అంగుళాలకు కుదించారు. మన మీటర్ గేజ్‌ను వెడల్పు చేసినప్పుడు పట్టాల కింద అడ్డంగా వేసే పొట్టి స్లీపర్లు చాలవు, మార్చాల్సిందే. కుదించేటప్పుడు ఆ ఖర్చు లేదు, ఒక పట్టాను 3 అంగుళాలు లోపలికి జరిపితే చాలు. కొత్త చోట స్లీపర్లను ముందే చదునుగా చెక్కి, లోపలి మేకులు కొట్టి ఉంచారు. పాత మేకులు చాలావరకు ముందే పీకేశారు. ఆ రోజు మిగిలినవి తీసి, పట్టాను గడ్డపారలతో నెట్టి, బయటి మేకులు దిగ్గొట్టారు. చిక్కల్లా వంపుల్లోనూ కూడళ్లలోనూ. వంపులో పట్టా జరిగితే దాని పొడవు సరిపోదు, కోసిన ముక్కలు సిద్ధంగా ఉండాలి. రెండు మార్గాల పట్టాలు ఒకదాన్నొకటి కోసే డైమండ్ క్రాసింగ్‌ను నెట్టడం కుదరదు. చక్రపు అంచు దూరే సందులు పాత గేజ్‌కే కోసి ఉంటాయి కాబట్టి దాన్ని మొత్తంగా మార్చాలి. ఆ సందు దాటినప్పుడల్లా చక్రం పట్టా కొనను కొడుతుంది, కొన అరుగుతుంది. అందుకే మామూలు పట్టా కంటే అక్కడ తనిఖీలెక్కువ.

ఇప్పుడు కొరింత్‌లో ప్రయాణికుల బండి ఆగదు. పాత డిపో మ్యూజియం అయింది. దాని పక్కనే సరకు బళ్లు ఆ కూడలి దాటిపోతుంటాయి.