చింతపండుతో తోమిన తుపాకీ: ఒక ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

యాంకర్: నమస్కారం. లైసెన్సు తుపాకులు జాగ్రత్త చేసుకోవడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. సైన్యంలో యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఇఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చేసే పనిలో ఉండి రిటైరైన సుబేదార్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కాకినాడ నుంచి. చెప్పండి.

కాకినాడ శ్రోత: జైహింద్ సాబ్. నేనూ ఎక్స్ సర్వీస్‌మన్నే. బ్యాంకులో గార్డుని. సొంత పన్నెండు బోరు తుపాకీ, డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాలది. పదకొండేళ్ళుగా దాంతోనే డ్యూటీ.

సుబేదార్: జైహింద్. ఏమంటోంది మీ తుపాకీ?

కాకినాడ శ్రోత: అందం పోయింది సాబ్. చెయ్యి పట్టే చోటా, మూతి దగ్గరా నలుపు అరిగి తెల్లగా తేలింది. బట్టు, అదే భుజానికి ఆనించే కర్ర, దాని నిండా గీతలే. మొన్న కొత్త మేనేజరు వచ్చి, "మ్యూజియంలోంచి తెచ్చారా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

సుబేదార్: ఆ తర్వాత మీరు ఊరుకుని ఉండరు. ఏం చేశారు?

కాకినాడ శ్రోత: (నవ్వుతూ) మా ఆవిడ పూజ సామాను తోముతోంది. ఆ చింతపండే కాస్త తీసుకుని గొట్టాల మీద రుద్దా. అప్పటికి బాగానే మెరిసింది. తెల్లారేసరికి పసుపు చల్లినట్టు తుప్పు.

సుబేదార్: ఇత్తడి చెంబుకు చేసే మర్యాద ఉక్కుకు చేశారన్నమాట. ఇంట్లో దోసె పెనం ఉందా? ఏళ్ళ తరబడి వాడగా నల్లబడిన పెనాన్ని పులుపుతో తోమితే మర్నాటికి ఏమవుతుంది? ఇదీ అంతే. గొట్టం మీద నలుపు పెయింటు కాదండీ. దాన్ని బ్లూయింగ్ అంటారు. ఉక్కు పైపొరనే నల్లటి ఆక్సైడుగా మారుస్తారు. ఎర్ర తుప్పు రాకుండా ముందే పట్టించిన నల్ల తుప్పు అనుకోండి. చాలా పల్చన. చేతి చెమటకీ, కవరు రాపిడికీ అరుగుతుంది. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు లాంటి పులుపు ఏది తగిలినా పోతుంది.

కాకినాడ శ్రోత: ఇప్పుడేం చెయ్యమంటారు?

సుబేదార్: ముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకోండి. గొట్టాలు విడదీసి, పులుపు మిగలకుండా తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. తర్వాత తుపాకీ నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో రుద్దితే పై తుప్పు వస్తుంది. అరిగిన చోటు అరిగినట్టే ఉంటుంది, ఉండనివ్వండి. మీది సముద్రపు గాలి. డ్యూటీ దిగగానే చేతి తడి తుడిచి, పల్చగా నూనె రాయండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. తోలు కవర్లో పెట్టి బీరువాలో పడేయకండి, కవరు తేమ పట్టి ఉంచుతుంది.

కాకినాడ శ్రోత: ఎమెరీ పేపరు, అదే గరుకు కాగితం, కొన్నాను సాబ్. మిగిలిన నలుపు కూడా తీసేస్తే అంతా ఒకే రంగులోకి వస్తుందని...

సుబేదార్: ఆగండాగండి! మీ తుపాకీ నంబరు ఎక్కడ కొట్టి ఉంది?

కాకినాడ శ్రోత: గొట్టం కిందా, ఇంకా... ఓహో.

సుబేదార్: అదీ సంగతి. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది నంబరు గానీ, గుర్తు గానీ చెరపడం నేరం. అందం కోసమే రుద్దానని చెప్పుకుంటూ తిరగాలి. మళ్ళీ బ్లూయింగ్ చేయించాలంటే మరమ్మతు లైసెన్సున్న షాపుకే ఇవ్వాలి. నన్నడిగితే అదీ వద్దు. నా చేతుల మీదుగా వెళ్ళిన త్రీ నాట్ త్రీ రైఫిళ్ళలో కర్రకి దెబ్బ లేనిది ఒక్కటీ గుర్తులేదు. బోల్టు పిడి మీద నలుపు పోయి వెండి గిన్నెలా ఉండేది. ఇన్‌స్పెక్షన్‌లో మాత్రం ఆఫీసరు ముందు గొట్టంలోకి చూసేవాడు. లోపల అద్దంలా ఉంటే పైన ఎలా ఉన్నా మాటొచ్చేది కాదు. పైన తళతళలాడి లోపల మసి ఉన్నవాడికి పడేవి అక్షింతలు! మీ మేనేజరుకు ఓసారి ఖాళీ గొట్టాలు విప్పి, దీపం వైపు పట్టి చూపించండి.

కాకినాడ శ్రోత: చూపిస్తా సాబ్. బట్టు మీద చిన్న గుంట కూడా ఉంది.

సుబేదార్: కర్ర తెగిందా, నొక్కుకుందా? నొక్కుకుంటే తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె కొనతో రెండు క్షణాలు అదమండి. ఆవిరికి పీచు ఉబ్బి పైకొస్తుంది. తెగితే రాదు. ఇనుప భాగాలకి ఆవిరి తగలనివ్వకండి.

యాంకర్: తర్వాతి కాల్ అమెరికా నుంచి, డల్లాస్.

డల్లాస్ శ్రోత: నమస్తే అంకుల్. గ్లాక్ పిస్టల్ కొని ఆరు నెలలైంది, కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి వెళ్తుంటాను. హోల్‌స్టర్‌లో, అంటే పిస్టల్ పెట్టుకునే ఒరలో, పెట్టి తీసి స్లైడు, అదే పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, దాని అంచులు తెల్లబడ్డాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. అరిగిన చోట రంగు పూసే టచప్ పెన్ను ఆర్డరిచ్చాను.

సుబేదార్: కొత్త కారుకు పడిన మొదటి గీత బాధ ఇది బాబూ. రెండో గీతకు తగ్గిపోతుంది. ఆ స్లైడుకి అసలు రక్షణ పై నలుపులో లేదు. దాని కింద ఉక్కుకే నైట్రైడింగ్ చేస్తారు, అంటే పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తారు, పై రంగు అరిగినా అది ఉంటుంది. పెన్నుతో రాస్తే నాలుగుసార్లు హోల్‌స్టర్‌లో పెట్టేసరికి పోతుంది. ఆ డబ్బుతో ఇంకో డబ్బా తూటాలు కొని ప్రాక్టీసు చెయ్యి. ఒక్కటి చూసుకో, హోల్‌స్టర్‌లోకి ఇసుక చేరితే అంచులు త్వరగా అరుగుతాయి. దాన్ని దులుపుతూ ఉండు.

యాంకర్: ఆదిలాబాద్ వైపు నుంచి ఒక రైతు లైన్లో ఉన్నారు.

ఆదిలాబాద్ శ్రోత: నమస్తే సార్. పంట కాపలాకు లైసెన్సు తుపాకి ఉంది, మా నాయిన నాటిది. మీరు చెప్పింది విన్నంక మనసు నిమ్మళమైంది. మొన్న బండి మీదికెళ్ళి జారి రాయి మీద పడ్డది. చిన్న సొట్ట. మరి నాదీ పర్వాలేదు కదా?

సుబేదార్: సొట్ట ఎక్కడ? కర్రకా, గొట్టానికా?

ఆదిలాబాద్ శ్రోత: గొట్టానికే. మూతికి జానెడు ఇవతల. పెసరగింజంత.

సుబేదార్: మీది పర్వాలేదు అనలేను. ఇందాక నేను చెప్పింది పైన అరగడం గురించి. ఇది అది కాదు. పన్నెండు బోరు లోపల ఖాళీ 18 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మూతి వైపు గోడ మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. బయట పెసరగింజంత సొట్ట ఉంటే లోపల అంతే బొడిపె ఉంటుంది. గుళ్ళూ, వాటి వెనక బిరడా ఆ వేగంలో వెళ్ళి దానికి తగిలితే గొట్టం ఉబ్బొచ్చు, చీలొచ్చు. అక్కడికి దగ్గరగానే మీ ఎడమ చెయ్యి ఉంటుంది.

ఆదిలాబాద్ శ్రోత: పడ్డంక రెండుసార్లు పేల్చిన సార్. ఏం కాలే.

సుబేదార్: మీ అదృష్టం. మూడోసారి వద్దు.

ఆదిలాబాద్ శ్రోత: మా ఊళ్ళో వెల్డింగ్ షాపాయన లోపల రాడ్డు పెట్టి కొడితే సాపైతదన్నడు.

సుబేదార్: ఆయనకు ఇవ్వనే ఇవ్వకండి. లైసెన్సు లేనివాళ్ళు తుపాకీ మరమ్మతు చేయకూడదని అదే చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాడ్డుతో కొడితే గొట్టం ఇంకోవైపు సాగుతుంది. తుపాకులు బాగుచేసే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర సొట్టను లోపలి నుంచి కొంచెం కొంచెంగా లేపే పనిముట్టు ఉంటుంది. గోడ మందం కొలిచి, లేపొచ్చో లేదో ఆయనే చెబుతాడు. పనికిరాదంటే ఆ మాట విని పక్కన పెట్టండి, నాయన గుర్తని పేల్చకండి. ఇప్పుడు తుపాకీ ఎక్కడుంది?

ఆదిలాబాద్ శ్రోత: ఇంట్లనే సార్. గోడకు కొక్కేనికి.

సుబేదార్: తూటా తీసేసి ఉందా?

ఆదిలాబాద్ శ్రోత: ...ఒకటి ఉన్నట్టుంది సార్. రాత్రి పందులొస్తయని.

సుబేదార్: పిల్లలున్నారా ఇంట్లో?

ఆదిలాబాద్ శ్రోత: ఇద్దరు మనుమలు.

సుబేదార్: ఫోన్ పెట్టేయకండి, పక్కన పెట్టండి. పిల్లల్ని బయటికి పంపి, మూతి మనుషుల వైపు రాకుండా పట్టుకుని, ట్రిగ్గర్ జోలికి పోకుండా తెరిచి తూటా తీసి, వేరే పెట్టెలో వేసి తాళం వేసి రండి. మేం లైన్లోనే ఉంటాం.

యాంకర్: శ్రోతలు ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

(కొంతసేపు నిశ్శబ్దం. దూరంగా తలుపు చప్పుడు.)

ఆదిలాబాద్ శ్రోత: తీసిన సార్.