ఎనిమిదేళ్ల వైద్యవిద్య, ఒక ఒలింపిక్ కెప్టెన్

అధ్యాపకులకు, క్రీడాకారులకు, వారి కోసం ఎండలో కూర్చున్న మిత్రులకు నమస్కారం.

క్రీడోత్సవ వేదికనెక్కినవారు ఆటనూ చదువునూ సమానంగా చూసుకోమని చెప్పి దిగిపోవడం ఆనవాయితీ. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పడానికి, స్వతంత్ర భారతం ఒలింపిక్స్‌కు పంపిన తొలి ఫుట్‌బాల్ జట్టు నాయకుడు తలిమెరెన్ ఆవో జీవితాన్ని మీ ముందుంచుతాను.

1918లో నాగా కొండల్లోని చాంగ్‌కీ గ్రామంలో పుట్టిన ఆవో, క్రైస్తవ బోధకుడైన తన తండ్రిని పాఠశాల వయసులోనే టైఫాయిడ్ జ్వరానికి పోగొట్టుకున్నారు. కొడుకు వైద్యుడై తమ ప్రజలకు సేవ చేయాలన్నది ఆ తండ్రి కోరిక. గువాహటి కాటన్ కాలేజీలో చదువు ముగించుకుని, 1942లో కలకత్తాలోని కార్‌మైకేల్ వైద్య కళాశాలలో చేరిన ఆవో, మరుసటి ఏడాదే ఆ నగరపు ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్ జట్టులోనూ చేరారు. ఆ కార్‌మైకేల్ కళాశాలే నేటి ఆర్.జి. కర్ వైద్య కళాశాల.

1948 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మన పతాకాన్ని పట్టుకుని నడిచింది కూడా ఆయనే. జూలై 31న ఫ్రాన్స్‌తో జరిగిన పోటీలో, ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడిన మన జట్టు, ఒక గోలు వెనకబడి కూడా సారంగపాణి రామన్ గోలుతో సమం చేసింది. చేతికందిన రెండు పెనాల్టీలనూ వృథా చేసుకుని, ఆట ముగిసే వేళకు మరో గోలిచ్చి 2-1తో ఓడింది. ఆ రెండు పెనాల్టీల సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంగ్లండులోని ఆర్సెనల్ క్లబ్ తమ తరఫున ఆడమని పిలిచిందనీ, చదువు కోసం ఆయన వద్దన్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏమైనా, ఆయన తిరిగి చేరింది కలకత్తా తరగతి గదికే. ఎం.బి.బి.ఎస్. పట్టా చేతికొచ్చింది 1950లో, అంటే చేరిన ఎనిమిదేళ్లకు. మనమైతే హాజరు తక్కువైందని కండొనేషన్ ఫీజు కట్టించుకుని, వెనకబడిన విద్యార్థుల జాబితాలో రాసుకునేవాళ్లం. ఆ ఎనిమిదేళ్లను ఆయన రోజుకు సగం ఆట, సగం పుస్తకమని కొలిచి పంచుకుని ఉంటారని నేననుకోను. ఆట వయసులో ఆటకు పెద్దపీట వేశారు, ఆలస్యమైనా చదువును వదల్లేదు, అంతే.

తర్వాత ఆటకు స్వస్తి చెప్పి, దిబ్రూగఢ్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేసి, 1953లో కోహిమా ప్రభుత్వాసుపత్రికి వెళ్లారు. నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టర్‌గా 1978లో పదవీ విరమణ చేసి, 1998లో కన్నుమూశారు.

ఈశాన్య రాష్ట్రాల జట్ల కోసం ఆయన పేరిట పెట్టిన ఫుట్‌బాల్ పోటీని డాక్టర్ టి. ఆవో ట్రోఫీ అంటారు. ఫుట్‌బాల్ కప్పు మీద కూడా ఆ పేరు ముందు డాక్టర్ అనే ఉంటుంది.